ఇంట్లో కోడిపిల్లల బ్రూడర్: వాసన మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ రాజేంద్రనగర్ నుంచి వనరాజా రకం కోడిపిల్లలు తెచ్చుకున్నవాళ్లు, చిన్న ఇంక్యుబేటర్ కొని నాటుకోడి గుడ్లు పొదిగించినవాళ్లు, ఇంట్లో పిల్లలు మారాం చేస్తే రోడ్డు పక్క రంగు వేసిన కోడిపిల్లలు కొని ఇరుక్కుపోయినవాళ్లు, అందరూ వారం తిరిగేసరికి ఒకటే అడుగుతున్నారు: ఈ కంపు ఎలా పోతుందండీ అని. ఒక్కొక్కరికీ మళ్లీ మళ్లీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది మాత్రమే చదువుకోవచ్చు. ఇదంతా పది నుంచి యాభై పిల్లల వరకు ఇంటిలోపల బ్రూడర్‌లో, అంటే బల్బు వేడితో పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో, పెంచుకునేవాళ్ల కోసం, షెడ్డు వేసి పెంచే రైతుల కోసం కాదు.

## పిల్లలు రాకముందు

మాది అపార్ట్‌మెంట్. పక్క ఫ్లాట్ వాళ్లకి వాసన రాకుండా పెంచడం అసలు అయ్యే పనేనా?

పది పదిహేను పిల్లలైతే, నాలుగైదు వారాల పాటు అయితే, అవుతుంది. అసలు వాసన లేకుండా మాత్రం కాదు, దగ్గరికి వెళ్తే కొద్దిగా దాణా వాసన, చెక్క వాసన ఉంటాయి. తలుపు తెరవగానే ముక్కు మూసుకోవాల్సి వస్తే మాత్రం ఎక్కడో నీళ్లు కారుతున్నట్టే లెక్క. పొడిగా ఉన్న రెట్ట పెద్దగా వాసన రాదు. రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం, తడి, వెచ్చదనం రెండూ దొరికితే బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. బ్రూడర్‌లో వెచ్చదనం తప్పదు కాబట్టి మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. బాల్కనీ పక్క గది, కిటికీ ఉన్న స్టోర్ రూమ్ పర్వాలేదు. వంటింటి పక్కన, పడగ్గదిలో, కిటికీ లేని గదిలో వద్దు. ముందే పక్కవాళ్లకి ఒక మాట చెప్పి ఉంచితే సగం గొడవ అక్కడే ఆగుతుంది, మన సొసైటీల సంగతి తెలిసిందే కదా.

కింద ఏం పరవాలి? ఊకా, చెక్క పొట్టా, పేపరా?

నా ఓటు రందా పట్టినప్పుడు రింగులు రింగులుగా రాలే చెక్క పొట్టుకి. తడి బాగా పీల్చుకుంటుంది, త్వరగా ఆరుతుంది, కాళ్లకి పట్టు ఉంటుంది. రంపం కింద రాలే మెత్తటి పొడి వద్దు, దుమ్ము లేస్తుంది, పిల్లలు దాణా అనుకుని తినేస్తాయి, తడిస్తే ముద్దగా అట్టకడుతుంది. వరి ఊక చవక, మంచిదే, కానీ చెక్క పొట్టు అంత తడి పీల్చదు, ఇంకాస్త మందంగా వేసి తరచుగా కలబెట్టాలి. వేరుశనగ పొట్టు వేస్తే బూజు లేదని చేతిలోకి తీసుకుని చూసి వేయండి. వట్టి పేపర్ మీద మాత్రం పెంచకండి, తడిస్తే జారుతుంది, జారితే పిల్లల కాళ్లు రెండు పక్కలకీ చాపుకుపోయి అలాగే ఉండిపోతాయి. పొట్టు మీద మొదటి రెండు రోజులు మాత్రం గరుకు పేపర్ పరిస్తే పొట్టు తినకుండా దాణా గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతే.

మందం 2 నుంచి 3 అంగుళాలు. అంగుళం కూడా వేయకుండా "రోజూ మారుస్తాం లెండి" అనేవాళ్లే మూడో రోజు కంపు అంటూ ఫోన్ చేస్తారు.

చెక్క పొట్టు సిటీలో ఎక్కడ దొరుకుతుంది?

బోయిగూడ టింబర్ డిపోల దగ్గర అడగండి, లేదా మీ ఏరియాలో తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి దుకాణంలో గోనెసంచి ఇచ్చి వస్తే నింపి పెడతారు. ఒక్క జాగ్రత్త: ఇప్పుడు చాలా దుకాణాల్లో కోసేది ప్లైవుడ్, ఎండీఎఫ్. ఆ పొడిలో జిగురు రసాయనాలుంటాయి, పైగా పిండిలా మెత్తగా ఉంటుంది. చేతిలోకి తీసుకుని చూస్తే అసలు చెక్క రింగులు కనిపించాలి. తెచ్చాక ఒక పూట ఎండబెట్టి మూత ఉన్న డ్రమ్ములో పోసుకుంటే నెలంతా అదే పొడిగా ఉంటుంది.

ఫ్రిజ్ అట్టపెట్టె ఉంది, అది చాలదా? టైల్స్ మీద నేరుగా పెట్టొచ్చా?

అట్టపెట్టె మొదటి వారానికి బాగుంటుంది, తర్వాత అడుగు నానిపోతుంది, నానిన అట్ట కంపు ఎన్ని పొట్టులు మార్చినా వదలదు. అడుగున పాత ఫ్లెక్సీ పరిచి అంచులు నాలుగు వైపులా పైకి మడవండి. ఫ్లెక్సీలకి మన ఊళ్లో కరువేం లేదు, ప్రతి వీధి చివరా ఏదో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ దొరుకుతుంది. టైల్స్ మీద నేరుగా పెడితే టైల్స్ మధ్య సందుల్లోకి తడి దిగి, పిల్లల్ని పంపేశాక కూడా వాసన అక్కడే ఉండిపోతుంది.

సైజు సంగతి: మొదటి రెండు వారాలు పిల్లకి అర చదరపు అడుగు, ఆ తర్వాత కనీసం ఒక చదరపు అడుగు. 20 పిల్లల్ని 6 చదరపు అడుగుల్లో కుక్కి వాసన తగ్గే పౌడర్ ఏదని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

## మొదటి వారం

తెచ్చి నాలుగు రోజులు కూడా కాలేదు, అప్పుడే వాసన మొదలైంది. ఏం తప్పు జరిగింది?

వేలు పెట్టి నాలుగు చోట్ల చూడండి. నీళ్ల డబ్బా చుట్టూ, బల్బు కింద, మూలల్లో, దాణా పళ్లెం కింద. నూటికి తొంభై సార్లు నీళ్ల డబ్బా చుట్టూ జానెడు మేర పొట్టు తడిసి ఉంటుంది, పైకి పొడిగా కనిపించినా కింద ముద్దగా ఉంటుంది. ఆ ముద్ద తీసి పారేసి పొడి పొట్టు వేస్తే సాయంత్రానికి తేడా తెలుస్తుంది.

అక్కడ తడి లేకపోతే బల్బు చూడండి. వేడి ఎక్కువైతే పిల్లలు నోరు తెరిచి రొప్పుతూ గోడ వైపు జరిగిపోతాయి, నీళ్లు విపరీతంగా తాగుతాయి, తాగిన నీళ్లన్నీ పల్చటి రెట్టగా పొట్టులోకే వస్తాయి. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మన ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గదే 37, 38 ఉంటుంది, అప్పుడు కూడా బల్బు వెలుగుతూ ఉంటే మీరు కోడిపిల్లల్ని వేయిస్తున్నట్టే. పగలు ఆర్పేయండి, తెల్లవారుజామున మాత్రం చూసుకోండి.

నీళ్ల డబ్బా దగ్గర ఎప్పుడూ బురదే. ఎన్నిసార్లు మార్చినా అంతే.

పొట్టు మీద నేరుగా పెడితే అంతే, రెండు నిమిషాల్లో పిల్లలు కాళ్లతో పొట్టంతా అందులోకి తోసేస్తాయి. పాత స్వీట్ డబ్బా మూత లాంటి లోతులేని ట్రే తీసుకుని దాని మీద సన్నటి ఇనుప జాలీ బిగించి, జాలీ మీద నీళ్ల డబ్బా పెట్టండి. ఒలికిన నీళ్లు ట్రేలోకి పోతాయి, పొట్టులోకి పోవు. రోజుకోసారి ట్రే ఒంపేస్తే సరి. జాలీ కన్నాలు పిల్ల కాలు ఇరుక్కోనంత చిన్నగా ఉండాలి.

డబ్బా ఎత్తు కూడా ముఖ్యం. నీటి అంచు పిల్ల వీపుకి సమానంగా ఉండాలి, పిల్లలు పెరిగేకొద్దీ కింద చెక్క ముక్కో, ఇటుకో పెట్టి లేపుతూ పోవాలి. ఓపిక ఉన్నవాళ్లు నిపుల్ డ్రింకర్‌కి, అంటే పిల్ల ముక్కుతో పొడిస్తేనే చుక్క వదిలే గొట్టానికి, మారితే ఈ గోలే ఉండదు, వారం వయసు పిల్లలు ఒక పూటలో నేర్చుకుంటాయి. కానీ కారే నిపుల్ బురద డబ్బా కంటే ఘోరం, ఎందుకంటే అది చుక్క చుక్కగా రాత్రంతా ఒకేచోట కారుతుంది, ఎవరికీ కనిపించదు. కింద పొడి పేపర్ ముక్క పెట్టి పొద్దున చూస్తే తెలిసిపోతుంది.

రోజూ పొట్టు మొత్తం తీసేయాలా?

అక్కర్లేదు. తడి ముద్దలు, అట్టకట్టిన చెక్కలు మాత్రం రోజూ తీసేయాలి, మిగతాది చిన్న గొర్రుతోనో చేత్తోనో కలబెట్టి పైన రెండు గుప్పిళ్లు కొత్తది చల్లాలి. అట్టకట్టినదాన్ని పగలగొట్టి అందులోనే కలిపేయడం చాలామంది చేసే పని, దానివల్ల ఒకచోట ఉన్న తడి బ్రూడరంతా పాకుతుంది. మొత్తం మార్చడం వారానికో పది రోజులకో, చేతికి తెలిసినదాన్ని బట్టి.

చేతికి తెలియడం అంటే: గుప్పెడు పొట్టు తీసి గట్టిగా పిసికి వదలండి. లడ్డూలా ఉండిపోతే తడి ఎక్కువ, మార్చాల్సిందే. కొద్దిగా అతుక్కుని వెంటనే విడిపోతే బాగుంది. అసలు అతుక్కోకుండా దుమ్ము లేస్తే మరీ పొడి, అదీ మంచిది కాదు, పిల్లలు తుమ్ముతాయి.

కిటికీ తెరిస్తే చలి, మూస్తే కంపు. ఏం చేయను?

డిసెంబరు, జనవరిలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. చలిగాలి పిల్లల మీద నేరుగా కొట్టకూడదు, అంతే తప్ప గదిలోకి గాలే రాకూడదని కాదు. బ్రూడర్ చుట్టూ అడుగున్నర ఎత్తు అట్ట గోడ పెట్టి, కిటికీ పైభాగం నాలుగు వేళ్ల సందు తెరిచి ఉంచండి. వెచ్చటి తేమ గాలి పైకి లేస్తుంది కాబట్టి ఆ సందులోంచే పోతుంది. బ్రూడర్ పైన దుప్పటి మొత్తం కప్పేసి "వెచ్చగా ఉంటాయి" అనుకోవద్దు. పొద్దున ఆ దుప్పటి ఎత్తి లోపలి వైపు తడిమి చూడండి, చెమ్మగా ఉంటుంది, ఆ చెమ్మే పొట్టులోకి దిగేది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఇంకా మేలు, కానీ గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ ఒక్కటీ వేస్తే అది ఉత్తినే తిరుగుతుంది. తలుపు కింద సందైనా ఉండాలి.

## రెండో వారం నుంచి

బ్రూడర్ మీదికి వంగితే కళ్లు మండుతున్నాయి. పిల్లలకి ప్రమాదమా?

అవును. ఆలస్యం చేయొద్దు. ఆ మంట అమ్మోనియా వల్ల. పిల్లల దగ్గర గాలిలో అది 25 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు) దాటకూడదన్నది పౌల్ట్రీలో అందరూ పాటించే లెక్క. ఇంకా పెరిగి 50 దాటితే కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయి, శ్వాసనాళంలో దుమ్మును, క్రిములను బయటికి నెట్టే సన్నటి నూగు దెబ్బతింటుంది, అప్పుడు మామూలు జలుబు కూడా ముదురుతుంది. ఒక కన్ను మూసుకుని రెక్కకి రాసుకునే పిల్ల కనిపిస్తే కొలిచే మీటర్ అక్కర్లేదు.

ముందు పిల్లల్ని వేరే పెట్టెలోకి మార్చండి, కిటికీలు తెరవండి, ఆ తర్వాతే పొట్టు కదపండి. పిల్లలు లోపల ఉండగా తడి పొట్టు కెలికితే అప్పటిదాకా అణిగి ఉన్న అమ్మోనియా ఒక్కసారిగా లేచి వాటి ముఖానికే కొడుతుంది.

నాకైతే ఏ వాసనా రావట్లేదు, చుట్టాలు వచ్చినప్పుడే అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

చుట్టాల మాటే. రోజంతా అదే గాలిలో ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది. పైగా మనం నిలబడి ఐదడుగుల ఎత్తులో వాసన చూస్తాం, పిల్లలు బతికేది నేలకి నాలుగు అంగుళాల ఎత్తులో. పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికి వెళ్లి వస్తారు కదా, తిరిగి రాగానే నేరుగా గదిలోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని పొట్టుకి దగ్గరగా ముఖం పెట్టి ఒక్కసారి పీల్చండి. ఆ మొదటి శ్వాసే నిజం చెబుతుంది.

సున్నం చల్లమని కొందరు, బూడిద చల్లమని కొందరు. ఏది మంచిది?

పిల్లలు లోపల ఉండగా రెండూ వద్దు. పెద్దవాళ్లు చెప్పారు కదా అని చాలామంది చల్లుతారు, పై తడి కొంత ఆరినట్టు కనిపిస్తుంది కూడా. కానీ సున్నం, బూడిద, తినే సోడా మూడూ క్షార గుణం ఉన్నవి, క్షారం తగిలితే పొట్టులో ఉన్న అమ్మోనియా ఇంకా వేగంగా గాలిలోకి వస్తుంది. అమ్మోనియాని పట్టి ఉంచేది ఆమ్ల గుణం. అందుకే పెద్ద ఫారాల్లో సూపర్ ఫాస్ఫేట్, అల్యూమినియం సల్ఫేట్ లాంటివి వాడతారు. పది పిల్లలకి అవన్నీ దండగ, తడి తీసి పొడి వేయడమే చవక. సున్నం వేయాల్సిన చోటు వేరే ఉంది: పిల్లలు రాకముందు ఖాళీ గది గోడలకి, గచ్చుకి వేసి బాగా ఆరనిస్తే క్రిములు తగ్గుతాయి.

అగరబత్తి, కర్పూరం, రూమ్ స్ప్రే వాడొచ్చా?

వద్దండీ. పక్షుల ఊపిరితిత్తులు మన లాంటివి కావు, గాలి సంచులు ఒంట్లో చాలాచోట్ల ఉంటాయి, పొగ, ఘాటు వాటికి త్వరగా పడుతుంది. కలరా ఉండలు, ఫినాయిల్, దోమల కాయిల్ కూడా అంతే. దోమలు కోడి మశూచిని మోస్తాయి కాబట్టి వాటిని ఆపాల్సిందే, కానీ దోమతెరతో. ఇంకోటి చాలామందికి తెలియదు: నాన్‌స్టిక్ పెనం ఖాళీగా బాగా వేడెక్కితే వచ్చే పొగ పక్షుల్ని నిమిషాల్లో చంపగలదు, మనకి వాసన కూడా పెద్దగా తెలియదు. వంటింటి పక్కన బ్రూడర్ వద్దనడానికి అదొక కారణం.

వాసన ఒక్కోసారి ఒక్కోలా ఉంటోంది. దాన్ని బట్టి ఏమైనా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది. ముక్కుపుటాల్లో గుచ్చే ఘాటు అమ్మోనియా. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అడుగున గాలి ఆడని బురద ఉంది, పైపైన కాదు, అడుగు దాకా తవ్వండి. పులిసిన వాసన దాణా పళ్లెం అంచుల్లో తడిసి అంటుకుపోయిన మేత నుంచి. ముక్కిపోయిన వాసన, పాత బియ్యం డబ్బా తెరిచినట్టు, అంటే బూజు, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బూజు పట్టిన పొట్టు నుంచి బ్రూడర్ న్యుమోనియా వస్తుంది, పిల్లలు నోరు తెరిచి ఊపిరి కోసం తన్నుకుంటాయి, దానికి ఇంట్లో చేయగలిగే వైద్యం లేదు. పొట్టు మొత్తం ఆ రోజే పారేయండి.

దాణా మారిస్తే తగ్గుతుందా?

కొంతవరకు. ప్రొటీన్ అవసరానికి మించితే మిగిలింది యూరిక్ ఆమ్లంగా రెట్టలోకే వస్తుంది. నాటు పిల్లలకి, గ్రామప్రియ లాంటి గుడ్ల రకాలకి ప్రొటీన్ ఎక్కువుండే బ్రాయిలర్ దాణా పెట్టి త్వరగా పెరుగుతాయని చూసే బదులు చిక్ స్టార్టర్ అనే చిన్న పిల్లల దాణా పెట్టండి. ఉప్పున్న మిగులు అన్నం, పప్పు, మిక్చర్ పెట్టకండి, ఉప్పు తింటే నీళ్లు ఎక్కువ తాగుతాయి, రెట్ట పల్చబడుతుంది. పుచ్చకాయ తొక్కలు కూడా ఈ వయసులో వద్దు.

గోధుమ రంగులో జిగటగా, భరించలేని వాసనతో రెట్ట వేస్తోంది. జబ్బా?

ఏడెనిమిది రెట్టల్లో ఒకటి అలా ఉంటే జబ్బు కాదు, పేగు చివర ఉండే రెండు సంచులు ఖాళీ అయినప్పుడు అలాగే వస్తుంది, టెన్షన్ పడకండి. రెట్టలో రక్తం కనిపిస్తే, పిల్లలు ముడుచుకుని రెక్కలు వేలాడేసి నిలబడితే అది కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు కావచ్చు, తడి పొట్టులోనే అది పెరుగుతుంది, మూడు నుంచి ఆరు వారాల వయసులో ఎక్కువ. తెల్లటి సుద్ద లాంటి రెట్ట వెనక అంటుకుపోయి పిల్లలు వరసగా చనిపోతుంటే ఇంకో జబ్బు. రెండింటికీ వీడియోలు చూసి మందులు వేయకుండా దగ్గరి పశువైద్యశాలకి తాజా రెట్ట, వీలైతే చనిపోయిన పిల్లని కూడా కవర్లో తీసుకెళ్లి చూపించండి.

## వానలు, ఎండలు

జూన్ నుంచి ఏం చేసినా పొట్టు ఆరట్లేదు.

గాలిలోనే తేమ ఉంటే ఎలా ఆరుతుంది! వానాకాలంలో మందం 3 అంగుళాలకి తగ్గకుండా వేయండి, పిల్లల సంఖ్య తగ్గించుకోండి, కలబెట్టడం రెండు పూటలా చేయండి. సీలింగ్ ఫ్యాన్ ఒకటో నంబర్ మీద తిరగనిస్తే మంచిదే, పిల్లలకి గాలి నేరుగా తగలకుండా అట్ట గోడ ఉంటే చాలు. ఎండ కాసిన రోజు మిద్దె మీద కొత్త పొట్టు ఆరబెట్టి డ్రమ్ములో దాచుకున్నవాళ్లే ఆగస్టు గట్టెక్కుతారు.

ఎండాకాలం కూలర్ పెట్టాం, అయినా కంపు పెరిగింది?

అయినా కాదు, అందుకే. కూలర్ గాలితో పాటు తేమని కూడా గదిలోకి కొడుతుంది, కిటికీ మూసి ఉంటే పొట్టు రెండు రోజుల్లో మెత్తబడుతుంది. నీళ్లు పోయకుండా ఫ్యాన్‌లా వాడండి, లేదా ఎదురు కిటికీ తెరిచి దూరంగా పెట్టండి. రోహిణి కార్తె మధ్యాహ్నాల్లో చల్లటి నీళ్లు రెండు మూడు సార్లు మార్చడం, పిల్లల్ని పల్చగా ఉంచడం ఎక్కువ మేలు చేస్తాయి.

ఈగలు మొదలయ్యాయి.

తడి ముద్ద ఎక్కడో మిగిలింది. ఈగ గుడ్లు పొడి పొట్టులో బతకవు. తీసిన చెత్త కవర్ ముడి వేయకుండా బాల్కనీలో వదిలేశారేమో కూడా చూడండి.

## ఖాళీ చేసేటప్పుడు

తీసిన పొట్టు ఎక్కడ వేయాలి? చెత్త ఆటోలో వేయొచ్చా?

మిద్దె తోట ఉన్నవాళ్లు పారేస్తే నేరం అంటాను నేను. కోడి ఎరువులో నత్రజని ఎక్కువ, కానీ పచ్చిది నేరుగా కుండీలో వేస్తే వేర్లు మాడిపోతాయి. కన్నాలున్న డ్రమ్ములో ఎండుటాకులతో పొరలు పొరలుగా వేసి, కొద్దిగా తడి ఉంచుతూ రెండు వారాలకోసారి తిరగేస్తూ మూడు నాలుగు నెలలు మాగనిస్తే నల్లగా, మట్టి వాసనతో తయారవుతుంది. ఆకుకూరలకి, ముఖ్యంగా పచ్చిగా తినేవాటికి, పూర్తిగా మాగిందే వేయండి. తోట లేకపోతే మీ వీధిలో మిద్దె తోట వాళ్లని అడగండి, వాళ్లే వచ్చి పట్టుకెళ్తారు. చెత్త ఆటోకే ఇవ్వాల్సి వస్తే తడి చెత్తలో, ముడి వేసి ఇవ్వండి.

పిల్లల్ని పంపేసి పది రోజులైంది, గదిలో వాసన ఇంకా ఉంది.

పొట్టు పొడిగా ఊడ్చేశాక సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే మిగిలిన అమ్మోనియా తగ్గుతుంది. గోడ కింది భాగం మర్చిపోవద్దు, రెట్ట చింది ఎండిపోయేది అక్కడే. రెట్ట ఉన్న చోట బ్లీచింగ్ పౌడర్ మాత్రం వేయకండి: అమ్మోనియాతో బ్లీచింగ్ కలిస్తే ఊపిరాడకుండా చేసే విషవాయువు వస్తుంది. వెనిగర్‌తో కలిసినా క్లోరిన్ వస్తుంది. వాడితే గది పూర్తిగా కడిగి ఆరిన తర్వాత, వేరే రోజు, కిటికీలు తెరిచి, బ్లీచింగ్ ఒక్కటే వాడాలి.

ఎప్పుడు బయటికి మార్చొచ్చు?

ఒళ్లంతా నూగు పోయి ఈకలు వచ్చాక, అంటే దాదాపు ఐదారు వారాలకి. ఎండాకాలంలో నాలుగు వారాలకే పగటిపూట మిద్దె మీద నీడలో వదలొచ్చు, రాత్రికి లోపలికి తేవాలి. బయట గూడుకి కన్నాలు చిన్నవిగా ఉన్న గట్టి ఇనుప జాలీ బిగించండి, అంగుళం కన్నాల కోళ్ల జాలీలోంచి పిల్లి పంజా దూరుతుంది, పందికొక్కు కింది నుంచి తవ్వుకుని వస్తుంది కాబట్టి అడుగున కూడా జాలీ ఉండాలి.